ఆలోచన ఎవరిదంటే

ప్రియమైన నిదానానికి,

ఫోన్లో అడిగితే నవ్వేసి మాట దాటేస్తావు. అందుకే కాగితం మీద పట్టుకుంటున్నాను.

యూనివర్సిటీలో నా ఉద్యోగం పర్మనెంటు చేయాలా వద్దా అని కమిటీ కూర్చోబోతోంది. నా పరిశోధన పేపర్లను ఎవరెవరు తమ పేపర్లలో పేర్కొన్నారో, నేను ఎవరితో కలిసి రాశానో అంతా ఏరి, కంప్యూటరే ఒక బొమ్మ గీసింది. అందులో నేనొక చుక్కని. చుట్టూ సన్నసన్న గీతలు, నీ దగ్గరికి మాత్రం మోకులాంటి గీత. చూసి ఎంత మురిసిపోయానో! మా హెడ్డుగారు మురిసిపోలేదు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ఈవిడెవరమ్మాయ్?" అన్నారు.

"నా ఫ్రెండండీ. ఇద్దరం ఒకే గదిలో పీహెచ్‌డీ చేశాం."

"బాగుంది. ఈవిణ్ణి తీసేస్తే నీకేం మిగులుతుంది?"

లోకం పేర్కొనేదల్లా మనిద్దరి ఆ ఒక్క పేపరునే. మిగతావి మా అమ్మ తప్ప ఎవరూ చూసినట్టు లేదు. అమ్మ కూడా నా పేరు వరకే చదివింది.

అందులో అసలు ఆలోచన నాదేనని నువ్వు రాసిస్తే గట్టెక్కుతానట. లేకపోతే వచ్చే ఏడాది నేనిక్కడ ఉంటానో ఉండనో.

మన గది గుర్తుందా? కిటికీ మూయాలంటే ఒకరు బల్లెక్కాల్సిన గది. నేను టైపు చేస్తుంటే నువ్వు వెనక నిలబడి, నోరు మెదపకుండా, తప్పున్న చోట తెర మీద వేలు పెట్టేదానివి. ఆ వేలంటే నాకు ఒళ్లుమంట. ఇప్పుడు నాకు సొంత గది, మంచి కుర్చీ ఉన్నాయి. వెనక ఎవరూ లేరు.

నీ జూకా పోయిన సాయంత్రమే కదా అంతా మొదలైంది? "దొరికే చోటు వెతకడం కాదు, దొరకని చోట్లు ముందు కొట్టేద్దాం" అన్న మాటలోంచే కదా, తప్పుగా టైపు చేసినా కావలసిన పదాన్ని వెతికి పట్టుకునే మన పద్ధతి పుట్టింది? ఆ మాట అన్నది నువ్వా, నేనా? ఒట్టు, నాకు గుర్తులేదు. నీకెలా గుర్తుంటే అలాగే రాసివ్వు.

ఊపిరాడని
హడావిడి


ప్రియమైన హడావిడికి,

అన్నది నువ్వేనే. జూకా నాది, విసుగు నీది. బల్ల కింద మోకాళ్ల మీద ఉండి, నెత్తి కొట్టుకుని, "లేని చోట్లు ముందు కొట్టేద్దామే తల్లీ!" అని అరిచావు. ఆలోచన పూర్తిగా నీదని రాసి, సంతకం పెట్టి, ఆ కాగితం ఇందులోనే పెట్టాను.

నాకా పేపరుతో పనేముంది? ఈ కంపెనీలో మేం చేసే పనికి పేర్లుండవు. జీతం బాగుంది, కాఫీ మెషీను కూడా బాగుంది. భోజనాల వేళ మాత్రం మన పేపరును పేర్కొన్నవాళ్లు ఏం రాశారో చదువుతుంటాను, ఊరికే, సరదాకి. ఒకాయన మన పద్ధతిని తలకిందులుగా అర్థం చేసుకున్నాడు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

కిటికీ కోసం బల్లెక్కింది ఎప్పుడూ నేనే. అది మాత్రం నా ఖాతాలో రాయి.

నీ
నిదానం


ప్రియమైన నిదానానికి,

బతికించావు! కాగితం ఇచ్చేశాను. హెడ్డుగారు చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివి, "ఇలాంటి ఫ్రెండ్స్ మాకెందుకు దొరకలేదో" అన్నారు.

అయినా సరదాకి పేపర్లు చదవడమేమిటే? సరదాకి జనం సినిమాలకెళ్తారు. నీకు ఒంట్లో బాగానే ఉందా?

గాల్లో తేలుతున్న
హడావిడి


ప్రియమైన హడావిడికి,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. కాస్త రాతపనిలో ఉన్నాను. మన గైడుగారు ఇంకా సిఫారసు ఉత్తరాలు రాసిస్తున్నారా? నాకు కాదులే, ఇక్కడొక అమ్మాయి అడుగుతోంది.

కమిటీ ఏమన్నదో వెంటనే రాయి.

నీ
నిదానం


ప్రియమైన దొంగమొహమా,

ఎవరే ఆ "ఇక్కడొక అమ్మాయి"?

పోయిన నెల ఒక పరిశోధన సంస్థ నుంచి నాకు ఉత్తరం వచ్చింది. నువ్వు అక్కడ దరఖాస్తు పెట్టావట. సహరచయితను కూడా అడగడం వాళ్ల పద్ధతట. "ముఖ్యమైన పేపరులో అసలు ఆలోచన తనది కాదని ఈమే రాసుకున్నారు. నిజమేనా?" అని అడిగారు.

నిజమేనా! మళ్లీ పరిశోధనకు రావాలని అంత ఆశ పెట్టుకుని, చేతిలో ఉన్న ఒక్క పేపరూ నాకిచ్చేశావు. నాకు రాసిచ్చిన కాగితానికి అడ్డు రాకూడదని అక్కడా అదే రాశావు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది.

కోపంతో కూర్చుని ఆ సాయంత్రాన్ని మొదటినుంచీ తలుచుకున్నాను. విసుగొస్తే నేను అరుస్తానా? లేచి బయటికెళ్తాను. ఆ రోజూ "పోతే పోయిందిలేవే" అని టీకి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి నువ్వు నేల మీద సుద్దముక్కతో గళ్లు గీసి, సగం కొట్టేసి కూర్చున్నావు. "లేని చోట్లు ముందు కొట్టేస్తున్నా" అన్నావు. నేను పడీపడీ నవ్వాను. ఆ తర్వాతే దాన్ని ప్రోగ్రాముగా రాశాను. ఆలోచన నీది. దాన్ని పరిగెత్తించింది నేను. వాళ్లకీ, మా కమిటీకీ అదే రాసిచ్చాను.

"చేతికొచ్చినదాన్ని ఎవరైనా వెనక్కిస్తారా అమ్మాయ్?" అన్నారు హెడ్డుగారు.

"నాది కాదండీ" అన్నాను.

పర్మనెంటు మాట పక్కన పెట్టి, ఇంకో ఏడాది కాంట్రాక్టు మీదే ఉంచారు. ఇంటికొచ్చి ఏడ్చాను, నీ దగ్గర దాపరికమెందుకు? తర్వాత ఆకలేసింది. లేచి తిన్నాను.

నిన్ను ఇంటర్వ్యూకి పిలుస్తున్నామని వాళ్లు మర్యాదకి నాకూ ఒక ముక్క రాశారు. వెళ్లు. అక్కడైనా నీ గురించి నువ్వు నోరు విప్పు.

దీనితోపాటు కొన్ని కాగితాలు పెట్టాను. నేను కొత్తగా రాస్తున్న నిరూపణ. మూడో మెట్టు దగ్గర ఏదో తేడా కొడుతోంది, నాకు అంతు చిక్కడం లేదు. ఇంకెవరికీ చూపించలేదు. చదివి తిట్టు. ఈసారి మాత్రం త్వరగా.

నీ
సహరచయిత్రి