దూడ వీపు మీద ఉప్పునీళ్లు

అక్కా, దూడ ఇంకా గుక్కెడు పాలు తాగలేదు. మధ్యాహ్నంలోపు ముర్రుపాలు కడుపులో పడకపోతే బతకడం కష్టమని పశువుల డాక్టరు చెప్పాడు. నువ్వు నిద్ర లేవగానే దూడ వీపంతా ఉప్పునీళ్లు రాయి. ఆవు ఆ ఉప్పు నాకుతూ నాకుతూ తన్నడం మర్చిపోతుంది, అప్పుడు దూడని మెల్లగా పొదుగు దగ్గరికి నెట్టు. నన్నైతే తెల్లారుజాము నుంచి నాలుగొందల సార్లు తన్నింది, మరీ తగ్గించి చెప్తే నాలుగు. ఇప్పుడు కొట్టమంతా మంచు పొగలా ఉంది. దూడ నిద్రలోనే పెదాలు చప్పరిస్తోంది, కలలో పాలసముద్రం ఈదుతున్నట్టుంది.

అన్నట్టు, పుట్టగానే ముద్దొచ్చి దాన్ని నీ సబ్బుతో కడిగింది నేనే. ఆ వాసనకే తల్లి దాన్ని గుర్తుపట్టట్లేదట. నాన్నకి చెప్పకే. అది తాగితే మా బడి గేటు దగ్గరికొచ్చి చెయ్యూపు. లేకపోతే ఇవాళ్టి పరీక్షలో అన్ని ప్రశ్నలకీ దూడ అనే రాసేస్తాను.