బోడుప్పల్ మీదికి జరిపిన డబ్బా

ఆశక్కా,

నువ్వు భాస్కర్ బావతోని ఎల్లిపోయినంక పెద్దన్న నా మెడ మీద కత్తి పెట్టిండు. నీ ఫోను నాచారం టవర్ కింద పలుకుతుందని ఠాణాల ఉన్న దోస్తు చెప్పిండట. "మీ ఇంటర్నెట్ ఆఫీసు కంప్యూటర్ల ఆ సుట్టుపక్కల కొత్త కనెక్షన్లు తియ్" అన్నడు.

కంప్యూటర్ల పటం మీద టవర్ సుట్టూ అక్షాంశ రేఖాంశాలతోని నాలుగు గీతల డబ్బా గీసి అడిగితే, అందుల పడ్డ ఇండ్లన్నీ వస్తయి. భాస్కర్ బావ పేరు మీద నీ ఇల్లు గూడ వచ్చింది. టవర్ సిగ్నల్ బోడుప్పల్ దాక అందుతదని పెద్దన్నను నమ్మించి, డబ్బాను అటు జరిపి, వేరే ఇండ్ల కాయితం ఇచ్చిన.

అక్కడ తలుపు తీసిన పిలగాడు ఎవరో గూడ తెల్వది. నిన్ను లోపల దాసిండని పెద్దన్న వాన్ని వాని పెళ్లాం ముంగటనే గొడ్డలితోని నరికిండు. నెత్తుటి అంగీతోనే వచ్చి అన్నం తిన్నడు.

రేపు మళ్ల ఇంకో ఇండ్ల కాయితం తియ్యమన్నడు. నువ్వు పట్నం దాటెదాక ఈ డబ్బా ఏ గల్లీ మీద పెట్టాలె అక్కా?

నీ తమ్ముడు