మార్కస్ తెరిచిన సందు

అక్టోబర్ 5, ఆదివారం
అమెరికన్ ఫుట్‌బాల్ ప్రాక్టీస్, చేత్తో బంతి పట్టుకుని పరిగెత్తే ఆట. మళ్ళీ తిట్లు. బంతి చేతికి రాగానే నిటారుగా లేస్తున్నానట. "వంగు! భుజాలు కిందికి, చూపు ముందుకి!" — కోచ్. బంతిని మోచేతి మడతలో పెట్టి పక్కటెముకలకి అదిమిపట్టడం వచ్చేసింది. కాళ్ళే మాట వినవు. ఎవడైనా పట్టుకోబోతే చాలు, వెనక్కి తిరుగుతాయి. నల్గొండలో కాలేజీ కబడ్డీ... కూతకెళ్ళినవాడు వెనక్కొస్తేనే బతికినట్టు. ఇక్కడ వెనక్కొస్తే పోయినట్టే.

అక్టోబర్ 8
లావణ్య నా నడుం మీద ఐస్ ప్యాక్ పెడుతూ — "ఈ నోవై ఊళ్ళో మనవాళ్ళంతా క్రికెట్ ఆడుకుంటున్నారు. నా మొగుడికే ఈ కుమ్ములాట!"


అక్టోబర్ 12
మార్కస్‌కి ఇదే ఆఖరి సీజన్. ఆఫీసులో నా పక్క సీటు. నన్ను ఈ టీమ్‌లోకి లాక్కొచ్చిందీ అతనే. మైదానంలో నా ముందు పరిగెత్తి, అడ్డొచ్చినవాళ్ళని తోసి దారి చేస్తాడు. నలభై దాటాయి. మోకాలు అరిగిపోయింది. శనివారం మ్యాచ్‌తో సరి. పార్కింగ్ లాట్‌లో అన్నాడు — "నా వీపు చూడకు బ్రో, సందు చూడు. కనిపించగానే దూరిపో. పడితే ముందుకే పడు."

అక్టోబర్ 18, శనివారం
ఓడిపోయాం.
చివర్లో గీతకి ఒక్క గజమే, దాటితే గెలుపు మాదే. బంతి నాకే ఇచ్చారు. వెనక్కి తిరిగాను — పక్కనుంచి చుట్టి వెళ్దామని. అక్కడే పడేశారు. మార్కస్ ఇంకా ఒకణ్ణి నేలకి అదిమిపట్టి, తలెత్తి గీత అవతల నాకోసం వెతుకుతున్నాడు. నేను వెనక ఉన్నాను.

అక్టోబర్ 19
అందరికీ ఒకటే చెప్పాను. "కబడ్డీ అలవాటు, కాళ్ళు తిరిగిపోయాయి." కోచ్ నవ్వేశాడు. లావణ్య "పోనీలే" అంది. అందరూ నమ్మారు. సిగ్గుగా ఉంది.

అక్టోబర్ 21
మార్కస్ లీవ్. మోకాలికి స్కాన్. ఆ కుర్చీ వైపు చూడకుండా పని చేద్దామనుకున్నాను. పని కాలేదు.

అక్టోబర్ 23
ఇక్కడైనా నిజం రాయాలి. కాళ్ళ తప్పు కాదు. సందు కనిపించింది — తలుపు తీసినట్టు. దాని అవతల ఒక్కడే, భారీ మనిషి, నా మీదికే వస్తున్నాడు. వంగి గుద్దుకుని ఉంటే ఇద్దరం పడేవాళ్ళం, కానీ ముందుకే. గజం వచ్చేది. భయపడ్డాను. అంతే. పాపం, కబడ్డీ మీద తోసేశాను.

అక్టోబర్ 25
మార్కస్ మెసేజ్. "ఒక్కటి అడుగుతా. ఆ రోజు నేను సందు తెరిచానా, లేదా? కింద ఉన్నాను, తలెత్తేసరికి అంతా అయిపోయింది. ఇంక ఆడను కదా... తెలుసుకోవాలని ఉంది."

అక్టోబర్ 26
లేదని రాస్తే, తన ఆఖరి ఆట తనవల్లే పోయిందనుకుంటాడు. తెరిచావని రాస్తే...
టైప్ చేశాను. చెరిపేశాను. మళ్ళీ టైప్ చేశాను.
రేపు ఆఫీసుకి వస్తున్నాడట, చేతికర్రతో. పక్క సీటే.