తాడు పట్టినవాడికి చేప

అన్నా,

నువ్వు పోయి ఈ అమావాస్యకి ఏడాది. చదవడానికి నువ్వు లేవని తెలిసే రాస్తున్నాను. ఇది అమ్మకి చెప్పుకునే సంగతి కాదు.

ఈ ఏడు వానల్లేక మనుబోలు వైపు పొలాలన్నీ ఎండిపోయాయి. అక్కడి కూలీలు మన రేవుకొచ్చి పడ్డారు. పెద్దవల లాగేటప్పుడు తాడు మీద చెయ్యి వేసినవాణ్ణి ఉత్త చేతులతో పంపకూడదని మన ఆచారం కదా. వాళ్ళూ తాడు పట్టారు, తలా దోసెడు చేపలు పట్టుకెళ్ళారు. నెల తిరక్కుండానే వల యజమాని, పడిన చేపల్లో వాటాకి లాగే మమ్మల్ని పిలిచాడు.

"వాళ్ళు దోసెడికే లాగతా ఉండారు. మీకు వాటా ఎందుకియ్యాల్రా? మీరూ దోసెడికే లాగండి, లేకుంటే పోండి."

నిన్న తాడు మీదున్న ఒక ముసలాడి చేతిమీద తెడ్డుతో కొట్టాను. వేళ్ళు విరిగాయి.

"మా కూడు తీసేదానికి వచ్చినావా? పో మీ ఊరికి!"

"ఊళ్ళో ఏముండాది నాయనా, పొయ్యేదానికి?" అన్నాడు.

మద్రాసు హార్బరులో తక్కువ కూలికి మూటలు మోశావని నిన్ను కొట్టి చంపినవాళ్ళు కూడా ఇదే అని ఉంటారు. వాళ్ళలో ఒక్కడు దొరికినా సముద్రంలో ముంచేస్తానని నీ శవం మీద ఒట్టేశాను.

ఈ పొద్దున ముసలాడు మళ్ళీ వచ్చాడు. విరిగిన చేతికి గుడ్డ చుట్టుకుని, రెండో చేత్తో తాడు పట్టాడు. చేపలు పంచేటప్పుడు యజమాని వాణ్ణి చూసి, "ఒంటిచెయ్యోడికి దోసెడెందుకు? చారెడు చాల్లే" అన్నాడు.

దోసెడు పట్టుకుని నిలబడ్డ మావాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను అన్నా.