మెంబర్లే రాయాలి

దాజీ పేట్, షోలాపూర్
1988 జూలై 9

ప్రియమైన మీకు యశోద నమస్కారాలు.

మీరు భివండి చేరి కార్ఖానాలో కుదిరారని తెలిసి మనసు కుదుటపడింది. ఇక్కడ సమ్మె నడుస్తూనే ఉంది. పేటలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. కానీ మన గల్లీ వెనక ఎక్కడో మగ్గం చప్పుడు వినబడుతోంది. అందరూ పళ్లు కొరుకుతున్నారు.

మీరు చౌక్‌లో పెట్టించిన నల్లబోర్డు గురించి రాయాలి. పైన మన నేత పనివాళ్ల మండలి వార్తలు, కింద ఎవరైనా తమ మాట రాసుకునే జాగా. నిన్న పొద్దున ఆ జాగాలో ఎవరో 'తలుపులు మూసి మగ్గం నడిపేది బాలయ్యే' అని రాశారు. రాసినవాడి పేరు లేదు. చదివినవాళ్లు చదివినట్టే బాలయ్య ఇంటి మీదికి పోయారు. నేను బీడీల చాట ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుని ఉన్నాను. ఆయన్ను చొక్కా పట్టి గల్లీలోకి ఈడ్చారు. "నేను నడపలే! అమ్మతోడు, నడపలే!" అని మొత్తుకున్నాడు. కుడిచేయి అరుగు మీద ఆనించి ఇనుప రాడ్డుతో కొట్టారు. ఎముకలు విరిగిన చప్పుడు నా దాకా వచ్చింది. ఆయన భార్య యల్లమ్మ అడ్డం పడితే కడుపులో తన్నారు. ఆ వేళ్లు ఇక పనికి రావన్నాడట డాక్టరు.

మీరు మండలి కార్యదర్శి. ఏదో ఒకటి చెయ్యండి.

మీ మేలు కోరే
యశోద


భివండి
1988 జూలై 17

ప్రియమైన యశోదకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దారం తెగితే బాలయ్య ముడి కనబడకుండా వేసేవాడు. ఆ చెయ్యా విరిగింది!

తప్పంతా ఆ ఖాళీ జాగాది. దారినపోయే ప్రతివాడికీ సుద్దముక్క ఇస్తే ఇంతే. ఇక్కడ మా కార్ఖానా గోడ మీద ఎవడో పేరు లేకుండా ఒక మాట రాస్తే ఇద్దరు కత్తిపోట్లు తిన్నారు. అందుకే మండలికి రాసి పంపాను. బోర్డుకు జాలీ తలుపు పెట్టి తాళం వేయాలి. ఇకమీదట మెంబర్లే రాయాలి. తాళంచెవి సిద్ధరాములు దగ్గర ఉంటుంది. నేను లేనప్పుడు మండలిని మోస్తున్నది అతనే.

నువ్వు జాగ్రత్త. గొడవల జోలికి పోకు.

నీ
గంగాధర్


దాజీ పేట్
1988 ఆగస్టు 2

ప్రియమైన మీకు,

జాలీ తలుపు బిగించారు. మర్నాడే యల్లమ్మ బోర్డు దగ్గరికి వచ్చింది. తోడుగా నేనూ పోయాను.

"అన్నా, ఒక్క ముక్క రాస్త. నా మొగడు మగ్గం నడపలేదని రాస్త, గంతే," అంది.

"నీ పేరు మెంబర్లల్ల లేదు. రూల్ పెట్టింది గంగాధర్. ఆయన్నే అడుగు," అన్నాడు సిద్ధరాములు.

"నా మొగని మీద రాసినోడు మెంబరా? అయితే వాని పేరు చెప్పు!"

అతను తాళంచెవి జేబులో వేసుకున్నాడు. యల్లమ్మ జాలీ పట్టుకుని వదలకపోతే జుట్టు పట్టి గుంజి రోడ్డు మీద పడేశాడు. చుట్టూ ఉన్న మగవాళ్లు చూస్తూ నిలబడ్డారు.

తెల్లారి బోర్డు మీద 'ద్రోహి ఇంటికి నీళ్లిచ్చేవాళ్లూ ద్రోహులే' అని ఉంది. తాళం వెనక ఉన్న మాట కదా, అందరూ నిజమని నమ్మారు. అదేరోజు బాలయ్య మగ్గాన్ని సుత్తెలతో పగలగొట్టి, పడుగుకు నిప్పు పెట్టారు. ఇది అబద్ధమని కింద రాయడానికి బీడీలు చుట్టే ఆడవాళ్లం ఒక్కరమూ మెంబర్లం కాము. వాళ్లకు నీళ్లిచ్చింది నేనే.

ఇంకో సంగతి. బాలయ్య మగ్గం ముక్కలైనా గల్లీ వెనక చప్పుడు ఆగలేదు. ఆ రూల్ తీసేయించండి, దండం పెడతాను.

యశోద


భివండి
1988 ఆగస్టు 11

ప్రియమైన యశోదకు,

తాళం తీస్తే రేపు ఇంకొకరి చేయి విరుగుతుంది. ఆడవాళ్లను చేర్చుకునే మాట సమ్మె ముగిశాక చూద్దాం. నువ్వు వాళ్లను ఎగదోస్తున్నావని సిద్ధరాములు రాశాడు. కార్యదర్శి భార్యవి, నా పరువు నీ చేతిలో ఉంది. చప్పుడంటావా, పేటలో పుట్టినవాళ్లకు మగ్గం ఆగినా చెవిలో ఆడుతూనే ఉంటుంది.

నీ
గంగాధర్


దాజీ పేట్
1988 ఆగస్టు 28

ప్రియమైన మీకు,

తలకు కుట్లు పడ్డాయి. అందుకే జవాబు ఆలస్యం.

మీ ఉత్తరం అందిన మర్నాడు మధ్యాహ్నం ఆడవాళ్లమంతా ఆ చప్పుడు వెంబడి పోయాం. అది సిద్ధరాములు బావ షెడ్డులోంచి వస్తోంది. షట్టర్ ఎత్తితే మగ్గాలు ఆడుతున్నాయి. సిద్ధరాములు లోపలే ఉన్నాడు.

నేను తిన్నగా ఇంటికి పోయి రుబ్బురోలు పొత్రం తెచ్చి బోర్డు తాళం పగలగొట్టాను. కళ్లతో చూసింది రాశాను. కింద నా పేరు రాస్తుండగా సిద్ధరాములు పరుగున వచ్చి రాడ్డుతో నా తల మీద కొట్టాడు. కళ్లలోకి నెత్తురు దిగింది. ఆడవాళ్లు అతన్ని కింద పడేశారు. చెప్పులతో, చాటలతో, చేతికందిన రాళ్లతో కొట్టారు.

"బాలయ్య పేరు రాసింది నువ్వేనా?" అని యల్లమ్మ అడిగింది.

"షెడ్డు సంగతి బయటపడ్తదని రాసిన... గింత దూరం పోతదనుకోలే," అన్నాడు.

అతని కుడిచేయి బండ మీద ఆనించి యల్లమ్మ పొత్రం ఎత్తింది. "కొట్టు!" అని అందరూ అరిచారు. నేనూ అరిచాను. ఆమె కొట్టింది. అంతలో అతని భార్య ఉరికొచ్చి మీద పడి ఏడ్చింది. అచ్చం ఆ రోజు బాలయ్యకు యల్లమ్మ అడ్డం పడినట్టే. అప్పుడు నా నోరు మూతపడింది.

యల్లమ్మను పోలీసులు తీసుకుపోయారు. మేమంతా ఠాణా ముందు కూర్చుంటే జామీను మీద వదిలారు. మండలివాళ్లు ఇప్పుడు తలెత్తడం లేదు.

జాలీ తలుపు పీకేశాం. మిమ్మల్ని అడగలేదు. పేటలో ఎవరైనా రాయవచ్చు, కానీ పేరు రాయాలి. ఎవరి మీద రాస్తారో వారి జవాబుకు కింద జాగా వదలాలి. ఈ రూల్ మేం పెట్టుకున్నాం. మీరొచ్చినా ఇదే.

అందరికంటే ముందు యల్లమ్మే వచ్చి రాసింది: 'సిద్ధరాములు చేయి విరగ్గొట్టింది నేను. యల్లమ్మ.' కింద అతనికి జాగా వదిలి, సుద్దముక్క బోర్డు గట్టు మీద పెట్టి పోయింది.

వారమైంది. ఆ జాగాలో ఎవరూ రాయలేదు, ఎవరూ చెరపలేదు.

మీ కోసం చూస్తూ,
యశోద