కొన విరిగిన నక్షత్రం

మామయ్యకు నమస్కారం.

కంటికి కట్టు విప్పారని అత్తయ్య చెప్పింది. ఈ ఉత్తరం ఆవిడ చేత చదివించుకోకుండా మీరే చదవండి.

షెడ్డు ఖాళీ చేస్తూ మీరు పంపిన పనిముట్ల పెట్టె నిన్న అందింది. అడుగున నూనె గుడ్డలో ముద్ర కొట్టే ఉక్కు పంచ్ ఒకటి, దాన్ని చెక్కడానికి మీరు గీసుకున్న కాగితాలు ఉన్నాయి. పంచ్‌ను రేకు ముక్క మీద పెట్టి సుత్తితో కొట్టాను. నక్షత్రం పడింది, ఒక కొన విరిగి.

యుద్ధకాలపు జీపుల విడిభాగాల మీద కంపెనీ గుర్తు నక్షత్రమే. “కొన విరిగి ఉంటేనే అసలుది రా. నకిలీవాడు నిండు నక్షత్రమే చెక్కుతాడు” అని నేర్పింది మీరు. పద్దెనిమిదేళ్లుగా మ్యూజియంలో ఆ మాట పట్టుకునే పని చేస్తున్నాను. మీ షెడ్డు నుంచి మ్యూజియానికి వచ్చిన విడిభాగాలన్నీ అసలువని సంతకం పెట్టింది నేనే.

పోయిన నెల ఒక ముసలి డ్రైవరు, వాళ్ల నాన్న యుద్ధంలో నడిపిన జీపు బ్రాకెట్ తువ్వాలులో చుట్టుకుని తెచ్చాడు. దాని మీద నక్షత్రం నిండుగా ఉంది. నలుగురి ముందూ నకిలీ అనేశాను. “మా నాన్న అబద్ధమాడే మనిషి కాదు సార్” అని, దాన్ని మళ్లీ జాగ్రత్తగా చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఆయన అడ్రసు రిజిస్టరులో ఉంది. ఆదివారం వెళ్తున్నాను, పంచ్ తీసుకుని. ఎందుకు చేశారని ఇప్పుడు అడగను. ఇది ఎవరిదని ఆయన అడిగితే మీ పేరు చెప్పాలో, నా పేరు చెప్పాలో, అదొక్కటి శనివారంలోగా రాయండి.

మీ మేనల్లుడు