చెక్క చెప్పులో వాల్‌నట్

అక్కా,

ఇందుమూలముగా మన ఇంటిల్లిపాదికీ తెలియజేయునది ఏమనగా, ఇకపై సెయింట్ నికోలస్ పండుగకు చెప్పుల్లో కాయలు, మిఠాయిలు పెట్టుట నిషేధం. నాకైతే మరీ నిషేధం. మొన్నటి పండక్కి అందరి చెక్క చెప్పుల్లోనూ వాల్‌నట్లు పెట్టింది నేనే. రాత్రి ఆ నికోలసే వచ్చి పెట్టాడనుకోవాలి కదా, నామీద అనుమానం రాకూడదని నా చెప్పులోనూ ఒకటి వేసి, ఆ సంగతి మరిచి, సాయంత్రం దాకా దాంతోనే ఆవుల కొట్టంలో తిరిగాను. పటుక్కుమంటే చెప్పు పగిలిందనుకున్నాను. పగిలింది కాయ; దాని పెంకు వేలికి గుచ్చుకున్నా షుగరు కాలికి ఏమీ తెలియలేదు. ఆ పుండే ఇప్పుడు బొటనవేలి ఎముకలోకి దిగిందట.

నిన్న ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరమ్మ సన్నని ఇనప పుల్ల పుండులోకి పోనిచ్చి ఎముకను తాకింది. నేను పెట్టిన కేకకు పుల్ల జారవిడిచింది.

"ఇంత గట్టిగా అరిచే మనిషి ఇన్నాళ్లూ ఏం చేస్తున్నట్టు?" అంది.

"చెప్పు బాగుచేసుకుంటున్నానమ్మా" అన్నాను.

వేలు తీసేయకపోతే పాదమే పోతుందని ఆవిడ అంటుంది. ముందు నరంలోకి మందెక్కించి చూద్దామని పెద్ద డాక్టరు అంటాడు. సోమవారానికల్లా నన్నే తేల్చమన్నారు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది, నాకేమీ పాలుపోవడం లేదు. శనివారమే వచ్చెయ్, నువ్వు చెప్పినట్టు చేస్తాను.

నల్లావు ఈనిందా? నా చెప్పులు పొయ్యిలో పెట్టకు, రెండూ ఉంచు. మేనకోడలికి నా దీవెనలు.

నీ తమ్ముడు
వీబ్రెన్

తా.క. కేక పెట్టానన్నది కల్పన. పుల్ల ఎముకకు తగిలిందని ఆవిడ చెబితేనే నాకు తెలిసింది.